పిల్లవాడి చేతికి ఫోను ఎప్పుడు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక శాస్త్రిగారు పంచాంగం విప్పి ఈ సంవత్సరం పేరు ‘పరాభవ’ అని చదివినప్పుడు సభలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేరును బట్టి ఫలితం ఉండదని శాస్త్రిగారే ధైర్యం చెప్పారు. నాకు మాత్రం ఆ పేరు సరిగ్గా అతికినట్లు తోచింది. ఏలననగా నేనివాళ చెప్పబోయేది నా యింట్లో నాకు జరిగిన పరాభవాన్ని గురించే.

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, రైల్వేవాడివి గదా, ఈ లైను వెంబడి తెలుగువారు ఎలా వచ్చారో చెప్పమన్నారు. 1893 నుంచి 1896 దాకా విజయవాడ మొదలు కటకం వరకు ఈస్టు కోస్టు రైలుమార్గం వేశారు. ఆ వెనుక బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపులనుంచి మన తాతలు పనికోసం ఖుర్దా రోడ్డుకు చేరారు. ఆ చరిత్ర నాకంటె బాగా తెలిసినవారు ఈ సభలోనే నలుగురైదుగురున్నారు. వారు చెప్పగలరు. వినవలసిన పిల్లలు ఎక్కడున్నారన్నదే ఇప్పుడు నాకున్న దిగులు. అందుకని విషయం మార్చడానికి కార్యదర్శిగారి అనుమతి తీసుకున్నాను. పిల్లలకు సొంత స్మార్ట్‌ఫోను, అదే మనం టచ్ ఫోను అంటున్నామే, అది ఏ వయస్సులో ఇవ్వాలి అన్నదే నా విషయం. నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించినవాణ్ణి. శాస్త్రం చెప్పలేను. జరిగినది చెబుతాను.

2024 దసరాకు ముందు మాకు బోనసు వచ్చింది. డెబ్బయ్యెనిమిది రోజుల వేతనం. గరిష్ఠ పరిమితి ప్రకారం 17,951 రూపాయలు. రైల్వే కుటుంబాలలో ఆ సొమ్ముకు అది రాకముందే నాలుగైదు ఖర్చులు కాచుకుని ఉంటాయని మీకు వేరే చెప్పనక్కరలేదు. అందులో పదివేలు పెట్టి మా పెద్దవాడికి ఫోను కొన్నాను. వాడికప్పుడు పదకొండేళ్లు, ఆరవ తరగతి. నా భార్య వద్దన్నది. “ఇంట్లో నా ఫోను ఉన్నది గదా, దానిలో చూసుకుంటాడు” అన్నది. బడివాళ్లు హోంవర్కు వాట్సాప్‌లో పంపుతున్నారనీ, పక్క క్వార్టరు అబ్బాయికి ఉన్నదనీ, వాడు మొదటి పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చాడనీ నేను వాదించాను. అవన్నీ నిజాలే. కాని వాటి వెనుక ఇంకొక నిజం ఉన్నది. మా నాన్నగారు నాకు అడిగినది కొనిపెట్టలేకపోయారు. నేను మాత్రం కొనిపెట్టగలనని చూపించుకోవాలనుకున్నాను.

దుకాణంనుంచి రాగానే ఫోను తెరిచి ఖాతా పెట్టవలసి వచ్చింది. పుట్టిన సంవత్సరం అడిగింది. వాడు పుట్టినది 2013. ఆ సంవత్సరం వేస్తే, పదమూడేళ్లు నిండనివాడు గనుక తలిదండ్రుల ఖాతాతో కలిపి పెట్టమంటుంది. అదంతా ఎవరు చూస్తారని 2003 అని వేశాను. వాడు పక్కనే నిలబడి, “నాన్నా, తప్పు వేశావు” అన్నాడు. “ఫరవాలేదు లేరా” అన్నాను. ఈ సంగతిని దయచేసి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మొదటి నెల బాగానే గడిచింది. నావి షిఫ్టు డ్యూటీలు. ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం రెండింటినుంచి రాత్రి పదింటి దాకా బుకింగు కౌంటరులో ఉంటాను. ఇంట్లో సాయంకాలాలు ఎలా నడుస్తున్నాయో నాకు సగమే తెలుసును. ఆ సాయంకాలాల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మన పిల్లలకు బళ్లో ఇంగ్లీషు, ఒడియా. కాలనీలో ఆటలకు హిందీ. తెలుగు వినబడేది దీపం పెట్టినప్పటినుంచి అన్నం తినేవరకు, ఆ రెండు గంటలే. మా యింట్లో ఆ రెండు గంటలూ మా అమ్మవి. ఆవిడ టెక్కలి దగ్గర పల్లెటూరి మనిషి. వరండాలో చాప వేసుకుని చింతపండులో గింజలు తీస్తూనో, చిక్కుడుకాయలకు పీచు తీస్తూనో మాట్లాడుతుంది. ఆ మాటల్లో మేనమామల తగాదాలుంటాయి, వరదలుంటాయి, దయ్యాలుంటాయి. మా వాడు ఆవిడ మోకాలికి ఆనుకుని వినేవాడు. వాడికి తెలుగు వచ్చిందంటే ఏ పుస్తకంవల్లా కాదు, ఆ చాపవల్ల.

ఫోను వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ రెండు గంటలమీదే. హోంవర్కు చూస్తున్నానని వాడు లోపలి గదిలో ఉండిపోయేవాడు. మా అమ్మ ఫిర్యాదు చేసే మనిషి కాదు, కథలు చెల్లెలికి చెప్పుకుంటూ వచ్చింది. రెండు నెలలయిన తరువాత ఒకనాడు నాతో, “గుంటడికి నా మాట బోధపడ్డం లేదేటిరా? ఏటడిగినా ఊఁ అంటన్నాడు” అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. చదువు ఎక్కువయిందమ్మా అన్నాను.

ఆ చలికాలంలో ఒక రాత్రి. మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని వచ్చి, తిని పడుకున్నాను. రెండు గంటల వేళ దాహమై లేచాను. పిల్లలు పడుకున్న గదిలో దుప్పటిలోనుంచి నీలంగా వెలుతురు కనబడింది. నా అడుగుల చప్పుడుకు ఆరిపోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే వాడు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తలగడ కింద చెయ్యి పెడితే ఫోను వేడిగా తగిలింది. లేపి అడిగాను. “పొద్దున్నే లేవాలని అలారం పెట్టుకున్నాను నాన్నా” అన్నాడు.

నేను చెయ్యి చేసుకున్నాను.

పన్నెండేళ్లలో వాణ్ణి అంతకు ముందు కొట్టి ఎరుగను. ఇందరి ముందు చెప్పుకోవడం సిగ్గుగానే ఉన్నది. ఇంట్లో అందరూ లేచారు. ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తరువాత పదిహేను రోజులు మా యిల్లు యిల్లులా లేదు. వాడు అన్నం సరిగా తినలేదు, ఆటకు పోలేదు. చెల్లెలిమీద విసుక్కునేవాడు. ఒకసారి బీరువా తాళంచెవి కోసం నా చొక్కా జేబులు వెతుకుతూ దొరికాడు. నేను మళ్లీ గొంతు పెంచేసరికి, అంతవరకు ఒక్కమాటయినా అనని నా భార్య, “ఇచ్చిందీ మీరే, కొట్టిందీ మీరే. మధ్యలో వాడు చేసిందేమిటి?” అన్నది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. అబద్ధమాడాడు గదా అని అందామనుకున్నాను. అప్పుడు దుకాణంనుంచి వచ్చిన సాయంకాలం జ్ఞాపకం వచ్చింది. ఆ ఫోను విషయంలో మా యింట్లో మొదటి అబద్ధం ఆడినది వాడు కాదు. 2013ను 2003 చేసినది నేను.

ఇక వాడు ఎందుకు ఆపలేకపోయాడన్నది. నేను బండ్ల మనిషిని గనుక నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఏ బండికయినా ఒక చివరి స్టేషను ఉంటుంది. పుస్తకానికి చివరి పేజీ ఉన్నది, సినిమాకు శుభం కార్డు ఉన్నది. మా అమ్మ కథకు కూడా చింతపండు అయిపోవడమనే హద్దు ఉన్నది. ఈ రీల్సు అనేవాటికి చివరి స్టేషను లేదు. వేలితో తోస్తే ఇంకొకటి, తోస్తే ఇంకొకటి. కిందికి పోయినకొద్దీ అంతులేకుండా వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికన్ నిపుణుడు కల్పించాడు. తరువాత ఆయనే దానికి విచారం వెలిబుచ్చాడు. ఏది ఎంతసేపు చూశామో యంత్రం లెక్కపెట్టుకుని, మనం కదలకుండా చూసే జాతిదే మళ్లీ వడ్డిస్తుంది. పెద్దవాణ్ణి, నేనే బాత్‌రూములోకి ఫోను పట్టుకుపోయి ఇరవై నిమిషాలు మరిచిపోతున్నాను. పదకొండేళ్లవాణ్ణి ‘నిగ్రహం లేదురా నీకు’ అని కొట్టడంలో న్యాయమేమున్నది?

కొందరు మిత్రులు ఇక్కడొక మాట అంటారు. ఫోనులో తెలుగు కూడా ఉన్నది గదా, పద్యాలున్నాయి, హరికథలున్నాయి, మన ఊళ్ల వార్తలున్నాయి అని. ఉన్నాయి. 2016లో డేటా చవక అయిన దగ్గరనుంచి ఈ ఒడిశాలో కూర్చుని మనం వింటున్న తెలుగు, మా నాన్నగారి తరంవారు ఊహించనిది. అది నేను కాదనను. అయితే మా వాడి ఫోనులో వాడు చూసినవాటి జాబితా తరువాత నేను తీసి చూశాను. నాలుగు నెలల జాబితాలో తెలుగు వేళ్లమీద లెక్కపెట్టవచ్చును. మిగిలినదంతా హిందీలో ఆటల వ్యాఖ్యానాలు, అరుపులు, ఎవరో ఎవరినో ఏడిపించడాలు. నలుగురూ కూర్చుని ఒక ఫోను చూస్తే మామ్మ కోరినది పెడతారు, అప్పుడు తెలుగు వస్తుంది. పిల్లవాడు ఒంటరిగా చూస్తే వాడు కోరినది కూడా కాదు, యంత్రం తోసినది వస్తుంది. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదిక 2024లో పల్లెటూళ్లలోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోను వాడడం తెలిసినవారిలో, గడిచిన వారంలో దానిని చదువుకు వాడామన్నవారు నూటికి 57 మంది. సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 మంది. చదువుకోసమే కొంటున్నామని చెప్పే తండ్రులు, నాతో సహా, ఈ అంకెలను ఒకసారి చూసుకోవాలి.

ఈ బెడద మనదొక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10నుంచి పదహారేళ్లు నిండనివారికి ప్రధానమైన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్నారు. మన దేశంలో 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్ధెనిమిదేళ్లలోపువారి సమాచారం వాడుకోవడానికి తలిదండ్రుల అనుమతి ఉండాలని చెబుతున్నది. చట్టాలు మంచివే. కాని నావంటి తండ్రి కూర్చుని పుట్టిన సంవత్సరం మార్చి వేస్తుంటే ఏ చట్టం ఏం చేస్తుంది?

వీటికంటె నాకు నచ్చినది ఐర్లండులో గ్రేస్టోన్స్ అనే చిన్న పట్టణంలోనివారు చేసిన పని. 2023లో అక్కడి ప్రాథమిక పాఠశాలల తలిదండ్రులంతా కూడబలుక్కుని, పిల్లలు హైస్కూలుకు వెళ్లేవరకు ఎవరమూ స్మార్ట్‌ఫోను కొనము అని ఒప్పుకున్నారు. బలవంతం లేదు, జరిమానా లేదు. ఇందులో ఉన్న కిటుకు నాకు అనుభవంమీద తెలిసింది. మా వాడు ఏడ్చినది ఫోను లేనందుకు కాదు, తనకొక్కడికే లేనందుకు. “అందరికీ ఉంది నాన్నా” అన్న మాటకు ఏ తండ్రీ ఒంటరిగా జవాబు చెప్పలేడు. పదిళ్లు కలిస్తే ఆ ‘అందరికీ’ అన్న మాట విరుగుతుంది. ఈ సంఘంలో మనం పెళ్లికి పందిరి కలిసి వేస్తాము, కష్టం వస్తే చందా కలిసి వేస్తాము. ఇదీ కలిసి చేయవచ్చును.

అడ్డంకులు లేకపోలేదు. బడి వాట్సాప్ సంగతి మొదటిది. అది నిజంగా చిక్కే. మా యింట్లో ఇప్పుడు ఆ గ్రూపు నా భార్య ఫోనులో ఉన్నది. అన్నం వేళకు ముందు వాడు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని హోంవర్కు నోటుబుక్కులో ఎత్తి రాసుకుంటాడు. పది నిమిషాల పని. 2020, 21లలో కరోనా రోజులలో ఫోను లేక చదువు పోయిన పిల్లలను నేనెరుగుదును, అటువంటి కాలం మళ్లీ వస్తే మాట వేరు. రెండవది ట్యూషన్‌నుంచి పొద్దుపోయి వచ్చే పిల్లల భద్రత. దానికి బటన్ ఫోను చాలును. నాన్నకు, అమ్మకు, పక్కింటి పిన్నిగారికి మాట్లాడడానికి పనికివస్తుంది, అంతకుమించి దానిలో చూసేదేమీ లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పెద్దాయన, ‘అది పట్టుకుంటే మావాడికి నామర్దా’ అన్నారు. నిజమే, ఒక్కడు పట్టుకుంటే నామర్దా. పదిమంది పట్టుకుంటే అది కాలనీ వాడుక.

ఊళ్లో ఉన్న తాతలతో, అమ్మమ్మలతో వీడియోలో మాట్లాడడం మూడవది. దానికి పిల్లవాడి సొంత ఫోను ఎందుకు? మా అమ్మకు టెక్కలిలో ఒక చెల్లెలున్నది. ఆదివారం సాయంకాలం ఇంటి ఫోను పట్టుకుని ఇద్దరినీ కలిపేది ఇప్పుడు మా వాడే. ఆ ముసలివాళ్లిద్దరూ ముఖాలు తెరకు మరీ దగ్గరగా పెట్టి ఒకరికొకరు ముక్కులు మాత్రం చూపించుకుంటారు. వాడు నవ్వుతూ సరిచేస్తాడు. ఆ వంకన ఒక అరగంట ఆ మాటలు వాడి చెవిన పడుతున్నాయి.

నాల్గవ విషయం సోదరీమణుల ఎదుట కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆలస్యంగా ఇద్దాము అన్న మాటను మన ఇళ్లలో ‘ఆడపిల్లకు వద్దు’ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నది. అదే అసర్ సంస్థ 2023 నివేదికలో, 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లలలో ఫోను వాడడం తెలిసినవారిని చూస్తే సొంత ఫోను ఉన్న మగపిల్లలు నూటికి సుమారు 44, ఆడపిల్లలు సుమారు 20. ఈ తేడా పిల్లల క్షేమం ఆలోచించి వచ్చినది కాదు, అనుమానంవల్ల వచ్చినది. ఆపితే ఇద్దరికీ ఆపాలి. ఇచ్చేనాడు ఇద్దరికీ ఒకే వయస్సులో ఇవ్వాలి. మా అమ్మాయి నాల్గవ తరగతి. అన్నకు ఏ తేదీయో తనకూ అదే తేదీ అని ఇప్పుడే నాచేత కాగితంమీద రాయించుకుని తన పెట్టెలో దాచుకున్నది. గుమాస్తా కూతురు గదా.

ఇక మన సంగతి. పిల్లలకు ఫోను వద్దని చెబుతూ మనం అన్నం పళ్లెం పక్కన దానిని పెట్టుకుంటే ఈ మాటలకు విలువ లేదు. మా యింట్లో గడియారం కింద ఒక చెక్క అర కొట్టించాను. డ్యూటీనుంచి రాగానే నా ఫోను దానిమీద పెట్టాలి. రాత్రి ఛార్జింగు కూడా అక్కడే, పడకగదిలోకి రాకూడదు. స్టేషనునుంచి అర్ధరాత్రి పిలుపు వస్తే వినబడాలి గనుక గంట పెద్దది చేసి పెడతాను. వారానికి రెండుమూడు రోజులు నేనే తప్పుతున్నాను. అప్పుడు మా అమ్మాయి చెయ్యి చాపి నిలబడుతుంది, నేను ఇచ్చివేస్తాను. ఈ చెయ్యి చాపడమే నాకు ఎక్కువ పని చేస్తున్నది.

ఫోను తీసివేసిన తరువాత మా వాడు వెనుకటివలె అయిపోయాడని చెబితే అతిశయోక్తి. మళ్లీ వచ్చి మామ్మ మోకాలికి ఆనుకుంటాడనుకున్నాను. రాలేదు. ఆ నాలుగైదు నెలల్లో వాడికి ఆ వయస్సు దాటిపోయింది. ఇప్పుడు వరండా గట్టుమీద దూరంగా కూర్చుని, వింటున్నట్లు కనబడకుండా వింటాడు. కథలో పేరు తప్పితే మాత్రం అందుకుంటాడు. మా అమ్మ దానికే సంతోషించి అప్పుడప్పుడు కావాలనే తప్పు చెబుతున్నదని నా అనుమానం.

ఈ ప్రసంగం చేసే ముందు వాడి అనుమతి అడిగాను. తన సంగతి పదిమందిలో చెబుతున్నాను గనుక అడగడం ధర్మమనిపించింది. కొంతసేపు ఆలోచించి రెండు షరతులు పెట్టాడు. పుట్టిన సంవత్సరం మార్చిన సంగతి కూడా చెప్పాలన్నాడు. చెప్పాను. పదవ తరగతి పరీక్షలు 2029లో అయిపోతాయి, ఆ మరునాడే ఇవ్వాలి, మళ్లీ ఇంకొక వంక పెట్టకూడదన్నాడు. సరేనన్నాను. బీరువాలో ఉన్న పాత ఫోను అప్పటికి పనిచేయదు, కొత్తదే కొనవలసి వస్తుంది. ఆ సంవత్సరపు బోనసుకు అప్పుడే ఒక ఖర్చు సిద్ధమయింది.

ద్వారం దగ్గర బల్లమీద ఒక కాగితం ఉన్నది. పదవ తరగతి పరీక్షలు ముగిసేవరకు మా పిల్లలకు, ఆడయినా మగయినా, సొంత టచ్ ఫోను కొనము, కొన్ననాడు వయస్సు నిజం వేస్తాము, ఇదే అందులోని మాట. నిన్నటికి తొమ్మిది కుటుంబాలు సంతకాలు చేశాయి. ఇప్పటికే ఇచ్చివేసినవారు, తీసుకుంటే యిల్లు యుద్ధభూమి అవుతుందని భయపడేవారు ఉంటారు. వారు నన్ను విడిగా కలిస్తే, ఆ పదిహేను రోజులూ మేము ఏమేమి చేశామో, ఏమేమి చేయకుండా ఉండవలసిందో వివరంగా చెబుతాను. కొట్టవద్దని మాత్రం ఇక్కడే చెబుతున్నాను. సంతకం చేయనివారిమీద మాకు ఏ మనస్పర్థా ఉండదు. కలము దారం కట్టి పెట్టాము, దయచేసి జేబులో వేసుకుని వెళ్లవద్దు.

పులిహోర చల్లారుతున్నదని వంటింటివైపునుంచి కబురు వచ్చింది. సెలవు.